వేడిలో అచ్చు కొలత

ఇటుకలు కోయడం చూసిన వారెవరికైనా అచ్చు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అచ్చు వంకరైతే ఇటుకా వంకరే. కార్బన్ ఫైబర్‌తో చేసే విమాన భాగాల సంగతీ అంతే. కాకపోతే ఇటుకను అచ్చులోంచి తీసిన తరువాత కాలుస్తారు. కార్బన్ ఫైబర్ భాగాన్ని అచ్చుతో సహా వేడి చేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

మన దేశంలో తయారై 2001 జనవరిలో మొదటిసారి ఎగిరిన తేజస్ విమానపు దేహంలో బరువు లెక్కన సుమారు 45 శాతం ఇటువంటి మిశ్రమ పదార్థాలే. వీటి తయారీ చెప్పుకోవడానికి సులువే. కార్బన్ దారాల బట్టను ఎపాక్సీ రెజిన్‌లో తడిపి, పొరలు పొరలుగా అచ్చు మీద పరుస్తారు. పైన ప్లాస్టిక్ సంచి కప్పి లోపలి గాలి లాగేస్తారు. తరువాత ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దానిలో పెట్టి, రెజిన్ రకాన్ని బట్టి 120 లేక 180 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తారు. రెజిన్ ఆ వేడిలోనే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడిందా, ఇనుములా మళ్ళీ కరిగించి పోత పోయడం కుదరదు. కొలత తప్పితే ఖరీదైన సరుకంతా వృథా అయినట్లే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 20 డిగ్రీల వద్ద సరిగ్గా ఒక మీటరు ఉన్న అల్యూమినియం అచ్చును తీసుకోండి. దాని వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు. 180 డిగ్రీలకు వచ్చేసరికి అది దాదాపు 3.7 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు అయితే 1.9 మిల్లీమీటర్లు. కార్బన్ దారం నిలువునా వేడికి దాదాపు సాగనే సాగదు. అందువల్ల సాగిన అచ్చు మీద గట్టిపడిన భాగం, చల్లారాక కూడా ఇంచుమించు ఆ పొడవులోనే ఉండిపోతుంది. అచ్చు మాత్రం వెనక్కి ముడుచుకుంటుంది. మనకు కావలసింది ఒక మీటరు, చేతికి వచ్చింది మూడు మిల్లీమీటర్లు ఎక్కువ! బోల్టు రంధ్రాలు కలుస్తాయా?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మా తాతగారి కాలంలో ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు, పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవారట. ఇనుము ముడుచుకొని కొయ్యను బిగించి పట్టేసేది. గుంట అచ్చులో చేసిన భాగానికీ ఇదే గతి. చల్లారే అచ్చు దాన్ని నొక్కి, ఇరికించి, ఒక్కోసారి పగలగొడుతుంది. చక్రానికి మేలు చేసిన గుణమే ఇక్కడ కీడు చేస్తుంది. అయితే కార్బన్ గొట్టం చేయడానికి లోపల అల్యూమినియం కడ్డీ పెడితే, చల్లారగానే కడ్డీ సన్నబడి సులువుగా బయటికి వస్తుంది. కనుక అల్యూమినియం పనికిరాదని కొట్టిపారేయడానికి వీల్లేదు.

మరి వేడికి సాగని లోహం లేదా? ఉంది. షార్ల్ ఎడ్వర్డ్ గియోమ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు 1896లో ఇన్వార్ అనే మిశ్రలోహాన్ని కనిపెట్టాడు. అందులో 36 శాతం నికెల్, మిగిలినది ఇనుము. ఈ కృషికే 1920లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన లెక్కలోని మీటరు అచ్చు ఇన్వార్‌దైతే అర మిల్లీమీటరు కూడా సాగదు. కానీ దాని ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, కోతకు తొందరగా లొంగదు. వందల సంఖ్యలో పెద్ద పెద్ద భాగాలు తీసే చోటనే ఆ ఖర్చు గిట్టుతుంది.

అంత స్తోమత లేనప్పుడు అచ్చును కూడా కార్బన్ ఫైబర్‌తోనే చేస్తారు. అచ్చూ భాగమూ ఒకే జాతివి గనుక సాగడంలో పేచీ ఉండదు. తేలిక, త్వరగా వేడెక్కుతుంది. అయితే పదే పదే వేడి తగిలితే సన్నని పగుళ్ళు పట్టి గాలి దూరుతుంది. లోహపు అచ్చు ఇచ్చినన్ని భాగాలు ఇది ఇవ్వలేదు. ఒకటి రెండు భాగాలే కావాలంటే, తక్కువ వేడికి గట్టిపడే రెజిన్ వాడి, చవకైన ఎపాక్సీ బోర్డు అచ్చు మీద 60 డిగ్రీల లోపు పని జరుపుకోవచ్చు. తరువాత భాగాన్ని విడిగా తీసి నెమ్మదిగా ఎక్కువ వేడికి తీసుకుపోతారు.

ఏ అచ్చు ఎంచుకున్నా ఒక తిరకాసు మిగిలే ఉంటుంది. పొరల మందం దిశలో భాగం ఎక్కువగా ముడుచుకుంటుంది. అందువల్ల 90 డిగ్రీల మూల చల్లారాక ఒక డిగ్రీ అటూఇటూగా లోపలికి వంగుతుంది. ఆ మేరకు అచ్చు మూలను ముందే కాస్త విప్పి చెక్కాలి. చిన్న అల్యూమినియం అచ్చునైతే, వేడిలో సరైన కొలతకు వచ్చేలా ముందే కొంచెం తక్కువగా చెక్కుతారు.

కాబట్టి అచ్చు లోహాన్ని ఎంచుకునే ముందు భాగం ఎంత పెద్దది, ఎన్ని కావాలి, ఎంత వేడి, కొలతలో ఎంత తేడా సహించవచ్చు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. చల్లగా ఉన్నప్పుడు స్కేలు పెట్టి చూసుకుంటే చాలదు. పట్టాను చక్రం కంటే ఎంత చిన్నది చేయాలో మన ఊరి కమ్మరికి తెలుసు. లాబొరేటరీలో మార్కుల కోసం వ్యాకోచ గుణకం కట్టి, పరీక్ష కాగానే మరచిపోయే మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉంది.