లంకె తెగిన పుస్తకాలు

పోయిన ఉగాది మరునాడు, జయనగరంలో ఏభై అయిదేండ్లుగా కాపురముంటున్న మన సభ్యురాలొకరు మాకు ఫోను చేశారు. "ఏమయ్యా, సంఘం వెబ్‌సైటులో పుస్తకాల పట్టిక ఉన్నదన్నారు, పేరు మీద నొక్కితే పుస్తకం తెరుచుకుంటుందన్నారు. మా మనవరాలు పొద్దుటి నుండి నొక్కుతూనే ఉన్నది. ఒక్కటీ తెరుచుకోదే!" అన్నారు. నిజానికి ఆవిడకు కావలసినది ఒక్కటే పుస్తకం. వారి తండ్రిగారు 1938లో సొంత ఖర్చుతో అచ్చువేయించిన నూటపది పుటల ఊరి చరిత్ర. హిందూపురం దగ్గర పల్లె వారిది. ఇంట్లో మిగిలిన ఒక్క ప్రతినీ చెదలు తినివేశాయి. మన పట్టికలో ఆ పేరు చూచేసరికి ప్రాణం లేచి వచ్చిందట.

"చూచి చెబుతామండీ" అని ఫోను పెట్టేశాము.

ఆ పట్టిక సంగతి కొందరికైనా జ్ఞాపకముండాలి. సంఘం గ్రంథాలయాన్ని చాలాకాలం కనిపెట్టుకొని ఉన్న పెద్దలొకరు 2010 మొదలు నాలుగైదేండ్లు శ్రమపడి, ఉచితంగా చదువుకోదగిన పాత తెలుగు పుస్తకాలు కంప్యూటరులో ఎక్కడెక్కడ దొరుకుతవో వెదకి, విలాసాలతో సహా 604 పేర్లు ఎక్కించారు. ఆయన కాలంచేసి ఏడేండ్లు దాటినది. ఆ పిమ్మట ఆ పుట మొగం చూచినవారు మాలో ఎవరూ లేరని ఒప్పుకొనక తప్పదు.

మేము వృత్తిరీత్యా గుమాస్తాలము. పట్టిక అంటే మాకు భయం లేదు. ఒక ఆదివారం గీతల కాగితం ముందు పెట్టుకొని, పేరు నొక్కడం, తెరుచుకుంటే టిక్కు, లేకుంటే సున్న, ఇలా మొదలుపెట్టాము. గంట గడిచేసరికి నలభై పేర్లయినవి. టిక్కులు రెండు. మిగిలినవన్నీ సున్నలు. ఈ లెక్కన మొత్తం పూర్తి కావడానికి పదిహేను గంటలు. కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాము.

ఆ కాగితం మళ్ళీ బయటికి వచ్చినది ఎలక్ట్రానిక్ సిటీలో. మా ఆఫీసు అక్కడే. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్. కె. బాళిగా గారి పూనికతో, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల పొలాల్లో 332 ఎకరాలు తీసుకొని ఈ ఊరిని కట్టడం మొదలుపెట్టినప్పుడు, హోసూరు రోడ్డున అంత దూరం వెళ్ళి ఎవరు పనిచేస్తారని నవ్వినవారున్నారట. ఇప్పుడు పైన వంతెన దారి, 2025 ఆగస్టు నుండి మెట్రో రైలు కూడా ఉన్నా, సాయంత్రం ఇంటికి చేరడం మాత్రం పెద్ద పనే. ఆనాడు ఆఫీసు బస్సు రావడం ఆలస్యమైనది. క్యాంటీనులో మా పక్కన కూర్చున్న అనంతపురం కుర్రవాడు మా సున్నల కాగితం చూచి, "చేత్తో ఎందుకు సార్ ఈ కష్టం? దీనికి టూల్ ఉంది కదా" అన్నాడు.

అతను తన కంప్యూటరులో ఒక నల్లని తెర తెరిచాడు. బొమ్మలు లేవు, నొక్కడానికి మీటలు లేవు. ఏం కావాలో అక్షరాలలో కొట్టి ఎంటరు నొక్కితే, జవాబు కూడా అక్షరాలలోనే వస్తుంది. కమాండ్ లైన్ అంటారు దీనిని. పాత ఆఫీసులలో టెలిప్రింటరు చూచినవారికి ఇది కొత్తగా తోచదు. సాధనం పేరు లింక్‌చెకర్. ఎక్కడెక్కడివారో కలిసి స్వచ్ఛందంగా పెంచుకొంటూ వచ్చినది, పైసా ఖర్చు లేదు. కంప్యూటరులో పైథాన్ అనేది ఉంటే, "పిప్ ఇన్‌స్టాల్ లింక్‌చెకర్" అని ఇంగ్లీషు అక్షరాలలో కొడితే దిగుతుంది. ఆ తరువాత "లింక్‌చెకర్" అని కొట్టి, ఒక ఖాళీ వదలి, రెండు అడ్డగీతలు పెట్టి "చెక్-ఎక్స్‌టర్న్" అని, మళ్ళీ ఒక ఖాళీ వదలి మన వెబ్‌సైటు విలాసం. అంతే ఆదేశం. మధ్యలో ఆ అడ్డగీతల మాట లేకపోతే మన ఇంటిలోని లంకెలను మాత్రమే చూచి ఊరుకుంటుంది. మన జబ్బు బయటి లంకెలలో గదా!

అది పనిచేసే తీరు చెప్పితే చదువరులకు వినోదంగా ఉంటుంది. మొదటి పుట తెరిచి అందులోని లంకెలన్నీ వ్రాసుకొంటుంది. వాటిలో మన వెబ్‌సైటులోవైతే ఆ పుటలూ తెరిచి, వాటిలోని లంకెలూ వ్రాసుకొంటుంది. బయటివైతే లోపలికి పోదు, తలుపు తట్టి జవాబు విని తిరిగివస్తుంది. ఒకేసారి పదిమంది మనుషులను పంపినట్లు అనేక తలుపులు కలిపి తడుతుంది. ఎవరైనా "యంత్రాలు ఇటు రావద్దు" అని గుమ్మంలో చీటీ పెట్టుకొంటే దానిని మన్నిస్తుంది కూడా. మేము రెండు గుక్కలు కాఫీ త్రాగి కప్పు క్రింద పెట్టేలోపల తెర మీద ఎర్రని వరుసలు కురవడం మొదలైనది.

ఆ జవాబులు అంకెలలో ఉంటవి. 200 అంటే అంతా సవ్యం. 301 అంటే ఇల్లు మారినది, కొత్త విలాసం ఇది. పోస్టుమాను ఉత్తరం మీద విలాసం కొట్టివేసి కొత్తది వ్రాసినట్లన్నమాట. 404 అంటే ఇల్లున్నది, మీరడిగినవారు ఇక్కడ లేరు. జెనీవాలో వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధనశాలలో 404 నంబరు గది ఉండేదనీ, ఫైళ్ళు అక్కడ పోతుండేవనీ ఒక కథ చెబుతారు. అది వట్టి కట్టుకథ. మాకు నచ్చినది 410. "ఉండేది, తీసివేశాము, మళ్ళీ రాదు" అని దాని అర్థం. ఇంత నిజాయితీగా జవాబు చెప్పే ఆఫీసులు బయట ఎన్నున్నవి?

అసలు లంకెలు ఎందుకు తెగుతవి? 1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తలపెట్టినప్పుడు ఒక చిక్కు వదిలించుకొన్నారు. ఎవరైనా ఎవరి పుటకైనా లంకె వేసుకోవచ్చు, అవతలివారి అనుమతి అక్కరలేదు. వెబ్ అంత వేగంగా పెరిగినది అందువల్లనే. కాని అవతలివారికి తమకు లంకె ఉన్నదనే తెలియదు గనుక, వారు ఇల్లు మారినప్పుడు ఇవతలివారికి కబురు చేసే దిక్కు లేదు. బీరువాలో ఫైలు తీసివేసి రిజిస్టరులో నమోదు కొట్టివేయకపోతే ఏమవుతుందో మా వంటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థవారు 2024లో తేల్చిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న పుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత తెరుచుకోలేదు.

మన లెక్క దానికన్న హీనం. చివరికి ఆ సాధనం "దట్స్ ఇట్" అని, ఎన్ని చూచినదీ ఎన్ని తప్పినదీ ఒక్క వాక్యంలో చెప్పి ఆగింది. పుస్తకాల పట్టికలో 604 లంకెలకు 571 తెగిపోయినవి. ఏ పుటలో, ఎన్నో వరుసలో ఉన్నదీ ప్రతిదానికీ వ్రాసి ఇచ్చినది. ఆ జాబితా కాగితం మీద చూచుకొంటే, 528 లంకెల మొగం ఒక్కటే: డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అక్కడి నుండి 404 కూడా రాలేదు. తలుపు తడితే పలికేవారే లేరు.

ఈ లైబ్రరీ మన ఊరిదే అనవచ్చు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమానం అందుకొన్న రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించాలని తలపెట్టిన పథకంలో భాగమది. ఈ దేశంలో దానికి కేంద్రం బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మరొక పెద్ద కేంద్రం. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు పుటపుటా ఫోటోలెక్కినవి. అయితే హక్కుల గడువు తీరని పుస్తకాలు కూడా వాటిలో కలిశాయి. అభ్యంతరాలు వచ్చినవి. 2017 ప్రాంతానికి ఆ వెబ్‌సైటు మూతపడినది. దానిని నమ్ముకొని లంకెలు వేసిన వారందరి గతి మన పట్టిక గతే. తెలుగు వికీపీడియాలో సైతం ఆ లైబ్రరీకి వేసిన లంకెలు ఎన్నో చచ్చిపోయినవి.

మూతపడక ముందే పుస్తకాలను మరొక చోటికి చేర్చినవారు ఉండబట్టి బ్రతికిపోయాము. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నది. కార్ల్ మలముద్ అనే ఆయన పూనికతో డిజిటల్ లైబ్రరీ పుస్తకాలు లక్షలలో అక్కడికి ఎక్కినవి. పుస్తకాలు అక్కడ ఉన్న మాట నిజమే. కాని వెదకడం ఎట్లా? తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరి చిత్తం వచ్చినట్లు వారు కొట్టారు. "చరిత్ర" అన్న ఒక్క మాటనే నాలుగు విధాల చూచాము. రచయిత పేరు ఉండవలసిన చోట చాలావాటికి "నాట్ ఎవైలబుల్" అని ఉన్నది. మా పెద్దావిడగారి పుస్తకం కోసం పేరు తిప్పి తిప్పి కొట్టి రెండు సాయంత్రాలు పాడుచేసుకొన్నాము.

దారి చూపినది కాలంచేసిన ఆ పెద్దలే. మన పట్టికలో ప్రతి పేరు చివరా చిన్న అక్షరాలలో 13 అంకెల సంఖ్య ఒకటి ఉన్నది. ఆయన సొంత లెక్క కాబోలునని మేము దానివంక చూడనేలేదు. కుర్రవాడు చూచి, "సార్, ఇది బార్‌కోడ్" అన్నాడు. డిజిటల్ లైబ్రరీ వారు ఫోటోలు తీసేటప్పుడు ప్రతి పుస్తకానికీ వేసిన సంఖ్య అది. ఆర్కైవు వారు పుస్తకాలు తెచ్చుకొన్నప్పుడు పాత వివరాలన్నీ, తప్పులతో సహా, అట్లే తెచ్చుకొన్నారు. ఆ సంఖ్య కూడా వచ్చినది. దానిని వెదికే గడిలో కొట్టగానే ఒకే ఒక పుస్తకం నిలిచినది. దాని విలాసం "ఇన్.ఎర్నెట్.డిఎల్‌ఐ.2015" అని మొదలవుతుంది. పాత ఇంటిపేరు వదులుకోలేదన్నమాట! తన తరువాత ఎవరైనా వెదకవలసి వస్తుందని ఆయన ఆ అంకెలు వ్రాసిపెట్టారో, గ్రంథాలయాధికారి అలవాటు కొద్దీ వ్రాశారో, ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

మూడు ఆదివారాలు కూర్చుని 486 లంకెలు ఇట్లా సరిచేశాము. తక్కినవాటిలో 31 పుటలకు పాత నకళ్ళు ఆర్కైవు వారి "వేబాక్ మెషీన్"లో దొరికినవి. ఆ నకళ్ళనే లంకెగా వేశాము. ఆర్కైవునూ పూర్తిగా నమ్ముకొని కూర్చోరాదు. 2024 అక్టోబరులో ఎవరో దుండగులు దాని మీద పడి కొన్ని రోజులపాటు మూతవేయించారు. అందుచేత హక్కులు తీరిన పుస్తకాలను సంఘం వారి డిస్కులో కూడా ఒక్కొక్క ప్రతి ఉంచుతున్నాము. మన చట్టం ప్రకారం రచయిత కాలంచేసిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏండ్లు హక్కు నిలుస్తుంది. పెద్దావిడగారి తండ్రిగారు 1952లో పోయారు గనుక 2012తో అది తీరినది.

లింక్‌చెకర్ మాటే వేదమనుకోవద్దని కూడా చెప్పాలి. కొన్ని వెబ్‌సైట్లు యంత్రం వచ్చినదని పసిగట్టి 403 అని త్రోసివేస్తవి. అదే మనం వెళ్ళి తడితే తెరుస్తవి. ఇట్లా నిష్కారణంగా నింద పడినవి మన జాబితాలో ఏడెనిమిది ఉన్నవి. అంతకన్న ప్రమాదం మరొకటి. పట్టిక పక్కనే ఉన్న మరో పుటలో ఒక భజన మండలి లంకెకు ఆ సాధనం 200, అనగా అంతా సవ్యమని మార్కు వేసినది. తెరిచి చూస్తే జూదం ప్రకటనలు! మండలివారు ఏటేటా కట్టవలసిన రుసుము మానుకొంటే, ఆ విలాసం ఎవరో కొనుక్కొన్నారు. యంత్రానికి కావలసినది తలుపు తెరుచుకోవడమే, లోపల ఎవరున్నారో దానికి పట్టదు. ఇక మీదట మూడు నెలలకొకసారి ఆదేశం కొట్టడం మా పని, వచ్చిన జాబితాను కళ్ళతో చూడడం కార్యవర్గంలో తలా ఒకరి పని అని తీర్మానించుకొన్నాము.

పెద్దావిడగారి పుస్తకాన్ని పెద్ద అక్షరాలలో అచ్చు తీయించి మేమే తీసుకొనివెళ్ళి ఇచ్చాము. అట్ట మీద ఏదో శాఖా గ్రంథాలయం ముద్ర, ఒక పుట మూలన ఫోటో తీసినవారి బొటనవ్రేలు. ఆవిడ అద్దాలు సరిచేసుకొని తండ్రిగారి పేరు రెండుసార్లు చదివారు. పుటలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు. 45 తరువాత 48 ఉన్నది. ఫోటో తీసినవారు రెండు ఆకులు కలిపి తిప్పివేశారు కాబోలు. "చెరువు కట్ట తెగిన సంవత్సరం సంగతి ఇక్కడే ఉండాలయ్యా. మా నాయన అది చదివి వినిపించేవాడు" అన్నారు.

హిందూపురం, మడకశిర ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నవి. ఆ పుస్తకం పేరూ, ఇంకా జాడ తెలియని 54 పుస్తకాల పేర్లూ ఈ సంచిక చివరి పుటలో వేస్తున్నాము. అటక మీది పెట్టెలలో ఒకసారి చూడండి. ఆ 46, 47 పుటలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ఆదివారం ఉదయం పది నుండి ఒంటిగంట వరకు సంఘం ఆఫీసులో మేము ఉంటాము. పుస్తకం ఇచ్చివేయనక్కరలేదు, ఫోటో తీసుకొని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాము.