జీవకణములోని విద్యుత్కేంద్రము

టేకులపల్లి ప్రాంతమువారికి పాల్వంచ విద్యుత్కేంద్రము తెలిసినదే. సింగరేణి బొగ్గు గుట్టలుగా పడియున్నంత మాత్రమున దీపము వెలుగదు. అది కేంద్రమునకు చేరి, మండి, యంత్రములను త్రిప్పినపుడే విద్యుత్తు పుట్టును. మన శరీరమునందును ఇట్టి ఏర్పాటే కలదు.

మనము తిను అన్నము గ్లూకోజుగా మారి, రక్తము ద్వారా జీవకణములను చేరును. కణములోని మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములు ప్రాణవాయువు సాయమున దానినుండి శక్తిని తీయును. ఆ శక్తిని మోయు పదార్థమే ఏ.టి.పి. 1929లో అమెరికాలోని హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని కనుగొన్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరమున జన్మించిన ఆంధ్రుడగుట మనకు గర్వకారణము.

ఈ కేంద్రములోని యంత్రములే ఎంజైములు. అన్నియు సక్రమముగా నడచినచో ఒక గ్లూకోజు అణువునుండి సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభించును, మైటోకాండ్రియా తోడ్పాటు లేనిచో 2 మాత్రమే. పుట్టుకతో ఒక ఎంజైము లోపించినచో శక్తి తరుగును, లాక్టిక్ ఆమ్లము రక్తమున పేరుకొనును. శక్తి అధికముగా కావలసిన మెదడు, గుండె, కండరములు, కన్నులు ముందుగా దెబ్బతినును. బిడ్డ మెడ నిలుపదు, నడక ఆలస్యమగును, మూర్ఛలు వచ్చును, కొద్ది శ్రమకే అలసిపోవును. ఈ లక్షణములు ఇతర వ్యాధులయందును కనబడును గనుక వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇట్టి బిడ్డకు గాలి సోకినదనుట, తల్లిని నిందించుట తగదు. మైటోకాండ్రియాకు సొంతమైన 37 జన్యువులు తల్లినుండియే వచ్చును. కాని అందు పనిచేయు ఎంజైములలో అత్యధిక భాగమునకు సంబంధించిన జన్యువులు తల్లిదండ్రులిరువురినుండియు సంక్రమించును. మేనరికములందు ఒకే లోపము ఇరువురియందును ఉండు అవకాశము హెచ్చు. ఏ విధముగ వచ్చినను అందు తల్లి చేసిన తప్పేమియు లేదు.

ఈ వ్యాధులలో పెక్కింటిని పూర్తిగా నయము చేయు మందు లేదు. అయినను కొన్ని రకములకు విటమినులు గుణమిచ్చును. ఇట్టి పిల్లలకు జ్వరము వచ్చినపుడు లంఖణము పెట్టుట ప్రమాదము. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మూర్ఛకు వాడు కొన్ని మందులు వీరికి హాని చేయును గనుక వ్యాధి సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను.

పంచాయతీ సభ్యులను మేము కోరునది ఇంతే. ఎదుగుదల కుంటుపడిన బిడ్డ మీ గ్రామమున ఉన్నచో ఆశా కార్యకర్తకు తెలుపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పిల్లల పరీక్షలకే ఏర్పడినది. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానము క్రింద హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి గుర్తింపు పొందినది. అడవి అంచున నున్న తండాలకును గూడెములకును ఈ వార్త చేర్చి, నిందపడిన తల్లికి అండగా నిలుచుట మీ కర్తవ్యము.