కెంట్ కుటుంబ బ్రూవరీలు – హాప్ పంట చెప్పే పాఠం

ఇంగ్లండు ఆగ్నేయ భాగంలోని కెంట్ కౌంటీలో బీరు తయారీ చరిత్రను హాప్ పంట చరిత్ర నుండి వేరు చేసి చూడలేము. హాప్ (హ్యూములస్ లూపులస్) ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉండే బహువార్షిక తీగ. మన పందిరి కూరగాయల వలెనే దీనిని స్తంభాలు, తీగల ఆధారంతో పెంచుతారు. ఆడ పూగుత్తులలోని లూపులిన్ గ్రంథులు బీరుకు చేదును, సువాసనను ఇవ్వడమే కాక, అది త్వరగా పాడుకాకుండా కాపాడతాయి.

హాప్ సాగు 16వ శతాబ్దంలో ఫ్లాండర్స్ ప్రాంతం నుండి కెంట్‌కు చేరింది. ఈ పంటపై తొలి ఆంగ్ల గ్రంథాన్ని 1574లో వెలువరించిన రెజినాల్డ్ స్కాట్ కెంట్ వాసియే. కోసిన పూగుత్తులను ఓస్ట్ అనే కట్టడాలలో వేడిగాలితో ఆరబెట్టేవారు. వర్జీనియా పొగాకు బ్యారన్లను ఎరిగిన మన పాఠకులకు ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. 1878 నాటికి ఇంగ్లండులో హాప్ విస్తీర్ణం సుమారు 72 వేల ఎకరాలకు చేరగా, అందులో దాదాపు మూడింట రెండు వంతులు కెంట్‌లోనే ఉండేది.

ఈ తోటల నడుమ కుటుంబ బ్రూవరీలు వర్ధిల్లాయి. ఫేవర్షామ్‌లోని షెపర్డ్ నీమ్ తన స్థాపనా సంవత్సరాన్ని 1698గా పేర్కొంటుంది. 1864లో పెర్సీ బీల్ నీమ్ భాగస్వామిగా చేరడంతో నీమ్ వంశం ఇందులో ప్రవేశించింది. మెయిడ్‌స్టన్‌లో ఫ్రెమ్లిన్ కుటుంబం 1861లో బ్రూవరీని ఆరంభించింది. హైత్‌లోని మాకెసన్ సంస్థ 1907లో మిల్క్ స్టౌట్‌ను ప్రవేశపెట్టింది. బీరు ఈస్టు లాక్టోజ్‌ను పులియబెట్టలేదు. అందుచేత ఆ చక్కెర బీరులో తీపిగా మిగిలిపోతుంది.

ఆనాటి బ్రూవరీలకు సొంత మద్యశాలలు ఉండేవి. పెద్ద కంపెనీలకు బ్రూవరీ కంటె ఈ అమ్మకపు కేంద్రాలే విలువైన ఆస్తులు. మాకెసన్ 1929లో విట్‌బ్రెడ్ చేతిలోకి వెళ్లగా, హైత్ బ్రూవరీ 1968లో మూతపడింది. ఫ్రెమ్లిన్స్‌ను కూడా 1967లో విట్‌బ్రెడ్ కొనుగోలు చేసింది. 1972లో మెయిడ్‌స్టన్‌లో ఉత్పత్తి నిలిచిపోయింది. షెపర్డ్ నీమ్ మాత్రం స్వతంత్ర సంస్థగా మిగిలింది.

రైతు పక్షాన జరిగిన పోరాటం మరొకటి. కెంట్‌లోని వై కళాశాలలో శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.ఎస్. శాల్మన్ 1906లో హాప్ ప్రజననాన్ని ప్రారంభించారు. కెనడాలోని మానిటోబా నుండి 1916లో తెప్పించిన అడవి హాప్ సంతతి నుండి రూపొందించిన బ్రూవర్స్ గోల్డ్ రకాన్ని 1934లో విడుదల చేశారు. ఈ రకంలో చేదు పదార్థం అధికం. అయినను ఆ అమెరికా వాసన ఆంగ్ల బ్రూవర్లకు రుచించలేదు. ఇంతలో 1924లో కెంట్‌లో వెర్టిసీలియం వడలు తెగులు బయటపడింది. నేలలో దీర్ఘకాలం నిలిచే ఈ శిలీంధ్రానికి, ప్రసిద్ధ ఫగుల్ రకం సులభంగా లోనయ్యేది. తెగులు సోకిన తోటను మందులతో బాగుచేసే మార్గం లేదు. తట్టుకొనే రకాలే శరణ్యమయ్యాయి. శాల్మన్ అనంతరం వై శాస్త్రవేత్తలు అందించిన టార్గెట్ రకం అటువంటిదే.

వై కళాశాలలో ఒక శతాబ్దం సాగిన ఈ పరిశోధన 2007లో ముగిసింది. ఆపై ప్రజనన బాధ్యతను హాప్ రైతుల పక్షాన వై హాప్స్ సంస్థ కొనసాగించింది. హాప్ విస్తీర్ణం మాత్రం పూర్వపు స్థాయిలో అతి స్వల్ప భాగానికి తగ్గింది. 2013లో ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్‌కు ఐరోపా యూనియన్‌లో భౌగోళిక మూలానికి సంబంధించిన రక్షణ లభించింది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇందులో రెండు అంశాలను గమనించాలి. ఒకటి, పరిశ్రమకు మాత్రమే అమ్ముడుపోయే పంటలో రకం భవితవ్యాన్ని దిగుబడి ఒక్కటే నిర్ణయించదు. కొనుగోలుదారుని అభిరుచిని ప్రజనన దశలోనే పరిగణించాలి. రెండు, బహువార్షిక పంటలో ఒక రకం రూపొందడానికి దశాబ్దం పైగా పట్టవచ్చు. తెగులు వచ్చిన పిదప మొదలుపెట్టిన పరిశోధన ఆ తరం రైతును ఆదుకోలేదు. కనుక పంట బాగున్న కాలంలోనే ప్రజనన నిధులను, జన్యు సంపదను కాపాడుకోవడం అవసరం.