అడుక్కోవడానికి పనికిరాని చేతులు

జులై 15 జాతీయ ప్లాస్టిక్ సర్జరీ దినం. ఆ వారానికి ముఖచిత్ర కథనం కావాలని డెస్కు అడగడం, బుధవారం సాయంత్రానికల్లా కాపీ ఇచ్చెయ్యాలనడం మామూలే. అట్ట మీద ఓ సినిమా తార మొహం, లోపల ముక్కులు, పెదవులు, లైపోసక్షన్ రేట్లు. ఇలాంటి కథనాలన్నీ ఇదే దారిలో నడుస్తాయి. హైదరాబాద్ హోర్డింగుల మీద ‘ముందు, తరువాత’ ఫొటోలు చూసి చూసి విసుగెత్తినవాళ్లకు ఇంకో దారి లేదా? ఉంది. అది వేలూరు వెళుతుంది, ఒక రోగి చేసిన ఫిర్యాదు దగ్గర ఆగుతుంది.

కుష్ఠుతో కొంకర్లు పోయిన వేళ్లను ఆపరేషన్ చేసి సరిచేశారు. రోగి సంతోషంగా ఇంటికెళ్లాడు. కొన్నాళ్లకు తిరిగొచ్చి, ఈ చేతులు అడుక్కోవడానికి పనికిరావడం లేదన్నాడు. వంకర చేతులు చూసి చిల్లర వేసినవాళ్లు బాగైన చేతులు చూసి ముందుకెళ్లిపోతున్నారు. పని అడుగుదామంటే, ఆ జబ్బు మనిషికి పనెవరిస్తారు? ఆపరేషన్ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతి దాచుకోలేదు, తన రాతల్లో చెప్పుకున్నారు. ఆపరేషన్ సక్సెస్ అంటే ఏమిటన్న ప్రశ్న ఇంత సూటిగా వేసిన రోగి మరొకరు కనబడరు.

బ్రాండ్ 1914లో తమిళనాట కొల్లి కొండల్లో పుట్టారు. తల్లిదండ్రులు మిషనరీలు. లండన్‌లో చదువుకుని 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. నిజానికి ఆయన ప్లాస్టిక్ సర్జన్ కాదు, ఎముకల డాక్టరు. మరుసటి ఏడాది చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక రోగి చేతిలో చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు. వంకర్లు తిరిగి, దేనికీ కొరగానట్టున్న ఆ చెయ్యి నొక్కిన నొక్కుకు బ్రాండ్‌కు ప్రాణం పోయినంత పనైంది. తానెంత బలంగా నొక్కుతున్నాడో రోగికి తెలియదు, స్పర్శ లేదు. కానీ అంత బలం ఉందంటే లోపల మంచి కండరాలు మిగిలే ఉన్నాయన్నమాట. ఆ కథంతా మొదలైంది ఆ నొప్పితోనే.

మోచేతి లోపలివైపు, గోడకు తగిలితే జివ్వుమనే చోట అల్నార్ నరం ఉంటుంది. కుష్ఠు బ్యాక్టీరియాకు శరీరంలో చల్లటి చోట్లంటే ఇష్టం. చర్మం కిందే పోతున్న నరాలు ముందు దెబ్బతినేది అందుకే. ఈ నరం చచ్చుబడితే అరచేతిలోని చిన్న కండరాలు పనిమానేస్తాయి. వేళ్లు మొదట్లో వెనక్కి వాలి, కొసల్లో ముడుచుకుపోతాయి. గ్లాసు పట్టుకోవడం, గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం అన్నీ బంద్. అయితే మణికట్టును పైకి లేపే కండరాలను నడిపేది రేడియల్ నరం. దాని జోలికి ఈ జబ్బు అరుదుగా పోతుంది. కాబట్టి అరువు అక్కణ్నుంచే తేవాలి.

మణికట్టు లేపే కండరాలు ఒకటికి మించి ఉన్నాయి. ఒకటి తీసినా మణికట్టు లేస్తుంది. దాని టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) కొసను ఎముక నుంచి విడదీస్తారు. వేళ్లదాకా పొడవు చాలదు. అందుకని పిక్కలోంచి ప్లాంటారిస్ అనే సన్నటి, పొడవాటి టెండన్ తీసి అతుకుతారు. దాన్ని నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయను ఒక్కో వేలి పక్కగా నడిపించి కుడతారు. కొందరి కాలిలో ప్లాంటారిస్ ఉండనే ఉండదు, అప్పుడు ఇంకో టెండన్ వెతుక్కోవాలి. ఇలాంటి ‘అదనపు’ టెండన్ ఒకటి చాలామంది మణికట్టు మీదే కనిపిస్తుంది. బొటనవేలు, చిటికెనవేలు కొసలు కలిపి మణికట్టును కాస్త లోపలికి వంచండి. మధ్యలో తాడులా ఉబికేది పాల్మారిస్ లాంగస్. కనబడకపోయినా కంగారు వద్దు, అది లేనివాళ్లూ హాయిగా బతికేస్తారు. సర్జన్లకు మాత్రం అది కావలసినప్పుడు తీసుకునే విడిభాగం.

పాయలు కుట్టేటప్పుడు బిగువు ఎంతన్నదే అసలు నేర్పు. వదులైతే వంకర పోదు, ఎక్కువైతే వేళ్లు వ్యతిరేక దిశలో బిగుసుకుపోతాయి. సుమారు మూడు వారాలు పట్టీలో ఉంచాక ఫిజియోథెరపీ మొదలు. నిన్నటిదాకా మణికట్టు లేపిన కండరం ఇవాళ్టి నుంచి వేళ్లు కదపాలని మెదడుకు నేర్పించాలి.

ఈ పని నేర్చుకున్నవాళ్లలో డాక్టర్ మేరీ వర్గీస్ ఒకరు. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింది భాగం చచ్చుబడింది. చేతి ఆపరేషన్ కూర్చుని చెయ్యొచ్చు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె కుష్ఠు రోగుల చేతులు బాగుచేశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

చెయ్యి కదిలినా స్పర్శ రాదు. బాగైన రోగులకు వేళ్ల మీద కొత్త పుళ్లు ఎలా వస్తున్నాయో బ్రాండ్ బృందానికి మొదట అంతుపట్టలేదు. ఆరా తీస్తే కొన్నిటికి కారణం ఎలుకలని తేలింది. రాత్రి నిద్రలో కొరుకుతున్నా మనిషికి మెలకువ రాదు. ఆ తర్వాత ఇంటికెళ్లే రోగికి ఓ పిల్లినిచ్చి పంపడం మొదలుపెట్టారు! ఏ సర్జరీ పాఠ్యపుస్తకంలోనైనా దీనికో అధ్యాయం ఉండాల్సింది. ఇక అడుక్కోలేని చేతుల సంగతి: వేలూరులో ‘న్యూ లైఫ్ సెంటర్’ పెట్టి వడ్రంగం, చెక్కబొమ్మల తయారీ నేర్పించారు.

ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర ఒక్క గుక్కలో చెప్పాలంటే, ముక్కు అతికే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. పుణేలో నుదుటి చర్మంతో ముక్కు చేసిన వైనం 1794లో లండన్ ‘జెంటిల్మన్స్ మ్యాగజీన్’లో ఉత్తరంగా అచ్చయింది. అది చూసి జోసెఫ్ కార్ప్యూ 1814లో అక్కడ చేసి చూపించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చెదిరిన మొహాలను హెరాల్డ్ గిల్లీస్ సరిదిద్దాడు. మిగతా సంగతులకు ఈ పేజీలో చోటు లేదు.

మళ్లీ కుష్ఠు సంగతికొస్తే, చిత్తూరు సరిహద్దు దాటితే వేలూరు. కాట్పాడిలో రైలు దిగే రోగుల్లో తెలుగువాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇటు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గత శతాబ్దం తొలినాళ్లలోనే కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో శివానంద హోమ్ మొదలెట్టారు. జాతీయ స్థాయిలో కుష్ఠు 2005 డిసెంబరుకల్లా పదివేల మందికి ఒక కేసుకన్నా తగ్గింది. మందు ఉచితమే. కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి, వాళ్లలో కొందరు వేళ్లు వంకరపోయాకే డాక్టరు దగ్గరికొస్తున్నారు.

రొమ్ము: తీసేశాక?

క్యాన్సర్‌తో రొమ్ము తీసేసినచోట కొత్తది కట్టడానికి రెండు దారులు. ఒకటి సిలికాన్. 1962లో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో తొలిసారి అమర్చారు. అయితే అది క్యాన్సర్ రోగికి కాదు. ఆ మహిళ వచ్చింది పచ్చబొట్టు తీయించుకోవడానికి. సిలికాన్ అమర్చుతామని డాక్టర్లు అడిగితే, చెవులు కూడా సరిచేస్తామంటే ఒప్పుకుంది. రెండోది సొంత కండ. వీపు కండరాన్ని ముందుకు తిప్పే పద్ధతిని ఇటలీ సర్జన్ తాన్సిని 1906లో ప్రకటించారు. పొట్ట కింది కొవ్వు, చర్మం వాడే పద్ధతిని 1982లో అమెరికాలో హార్ట్రాంఫ్ చూపించారు. మన దగ్గర చాలామందికి ఈ అవకాశం ఉందన్న మాటే చెప్పరు. రొమ్ము తీసే ఆపరేషన్‌కు ముందే అడగడం మేలు.

వేలు తెగితే

చెరుకు మిషన్, గడ్డి కోసే మిషన్. పల్లెల్లో వీటిలో పడి వేళ్లు పోతుంటాయి. తెగిన వేలిని శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టాలి. ఆ కవర్ని ఐస్‌నీళ్లున్న ఇంకో కవర్లో ఉంచాలి. వేలు నేరుగా ఐసుకు తగిలితే కణాలు పాడవుతాయి. పూర్తిగా తెగిన బొటనవేలిని 1965లోనే జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ అతికించారు. వేలిలో కండరం లేదు కనుక చల్లగా ఉంచితే చాలా గంటలు ఆగుతుంది. చెయ్యే తెగితే ఆరు గంటలు దాటకూడదు. బయల్దేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి మైక్రోసర్జరీ ఉందా అని కనుక్కోవాలి.