వాచీ అద్దం మీద గీతలు పడ్డాయా?

ఆదివారం పిల్లాజెల్లాతో మైపాడు బీచికి వెళ్లొస్తాం. ఇంటికొచ్చి చూస్తే చీర కుచ్చెళ్లలో ఇసుక, టిఫిన్ డబ్బాలో ఇసుక, పిల్లల తలల్లో ఇసుక! దులిపేస్తే పోతుందిలే అనుకుంటాం. కానీ చేతి వాచీ మీది ఇసుకను మాత్రం అలా తుడిచేయకండి. నేను తుడిచి, తర్వాత తల పట్టుకున్నాను.

మా తమ్ముడు కువైట్ నుంచి వస్తూ మా వారికి ఖరీదైన వాచీ తెచ్చాడు. బీచి నుంచి రాగానే దాని అద్దాన్ని కొంగుతో గట్టిగా తుడిచాను. అద్దం నిండా సన్నటి గీతలు! ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు గాజు కన్నా గట్టివట. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్లటి సిలికా ఇసుక గాజు తయారీకే వెళుతుంది. చూశారా, గాజుకు పుట్టిల్లూ ఇసుకే, శత్రువూ ఇసుకే!

గీత పడగానే కంగారుపడి రుద్దకండి. ముందు అద్దం ఏ రకమో తెలుసుకోండి. ఇవి ముఖ్యంగా మూడు రకాలు.

ప్లాస్టిక్ అద్దం: 1961లో బెంగుళూరులో మొదలైన హెచ్.ఎం.టి. ఫ్యాక్టరీ పాత వాచీల్లో చాలావాటికి ఇదే. గోటితో తడితే మొద్దు శబ్దం వస్తుంది. చవకరకం అనుకోకండి. 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన ఒమేగా వాచీకీ ప్లాస్టిక్ అద్దమే, పగిలి ముక్కలు కాదని! దీని మీది సన్నగీతలు ఇంట్లోనే పోగొట్టవచ్చు. చుట్టూ ఉన్న లోహానికి టేపు అంటించి, మెత్తని గుడ్డ మీద కాస్త తెల్ల టూత్‌పేస్టు వేసి, ఐదు నిమిషాలు గుండ్రంగా రుద్దండి. తడిగుడ్డ పిండి తుడవండి. కుళాయి కింద మాత్రం పెట్టొద్దు.

మినరల్ గ్లాసు: ఇది గట్టిపరచిన గాజు. మా వారి వాచీది ఇదే. టూత్‌పేస్టుతో ఎంత రుద్దినా నా చేతులు నొప్పి పుట్టాయే గానీ గీత కదలలేదు. దీనికి అద్దం మార్చడమే సులువు.

సఫైర్: మన నీలం, కెంపు రాళ్లున్నాయే, అదే పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. గట్టిదనంలో వజ్రానికి 10 మార్కులైతే దీనికి 9, ఇసుకకు 7. అంచేత ఇసుకకు లొంగదు. పైన గీతల్లా కనబడేవి ఒక్కోసారి పైపూత మీద పడ్డవే. రుద్దితే ఆ పూత ఇంకా చెడుతుంది. కింద పడితే మాత్రం ఇదీ పగులుతుంది. వజ్రం దుద్దులు, కెంపుల గాజులు ఉన్న నగల పెట్టెలో వాచీని పెట్టకండి.

ఇక అసలు సంగతి. మా వాచీకి ఒక అంగడిలో కొత్త అద్దం వేయించాం. తళతళ మెరిసింది, మురిసిపోయాం. నెల తిరక్కుండానే లోపల ఆవిరి పట్టింది. అద్దం మార్చాడు గానీ, నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగు మార్చలేదు. మన ఉప్పుగాలి సంగతి తెలుసు కదా, కిటికీ ఊచలనే తినేస్తుంది! ముళ్లు తుప్పుపట్టాయి. అద్దానికి అయిన ఖర్చుకు ఎన్నో రెట్లు లోపలి మిషన్‌కి పోసుకున్నాం. తమ్ముడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకే అద్దం మార్పించేటప్పుడు ఇవి అడగండి: అదే రకం అద్దమేనా? రింగు కొత్తది వేస్తారా? నీటి పరీక్ష చేసి ఇస్తారా? ఖరీదైన వాచీ అయితే కంపెనీ సర్వీసు సెంటరుకే ఇచ్చి, ఖర్చు ముందే రాయించుకోండి. నాన్నగారి కాలం నాటిదైతే ముళ్లు, డయల్ మార్చవద్దని గట్టిగా చెప్పండి. తీసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

ఈసారి బీచికి వెళితే వాచీ ఇంట్లోనే పెట్టండి. మరిచిపోయి పెట్టుకెళ్లారా? ముందు మెత్తటి బ్రష్షుతో ఇసుక రాల్చండి, ఆ తర్వాతే గుడ్డ ముట్టించండి. కొంగు మాత్రం వద్దు!