స్వర్ణ వరి వెనుక ఎవరి డబ్బు, ఎవరి చదువు

వరిలో కొత్త వంగడం రైతు చేతికి రావాలంటే పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు రకాలను సంకరం చేశాక ఐదారు తరాల పాటు మొక్కలను ఏరుకుంటూ రావాలి, ఆపైన పలుచోట్ల సాగుచేసి చూడాలి. పరిశోధనకు వచ్చే గ్రాంట్లేమో ఎక్కువగా మూడేళ్లవి, ఐదేళ్లవి. ప్రైవేటు కంపెనీలకూ ఇందులో ఆసక్తి తక్కువ. సూటిరకం వరి విత్తనాన్ని రైతు తన గాదె నుంచే తీసి మళ్లీ చల్లుకోగలడు. అందుకే ఈ పని ప్రభుత్వాల, అంతర్జాతీయ సంస్థల డబ్బు మీదే సాగింది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు దాటి మేదినీపూర్ పల్లెల్లోకి వెళితే ఇందుకు సాక్ష్యం కనిపిస్తుంది. బెంగాల్‌లో వానాకాలం విస్తారంగా వేసే స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన వంగడం. ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబాలకంటే చాలా ఆలస్యంగా బెంగాల్ చేరిన బంధువన్నమాట.

స్వర్ణ తల్లిదండ్రులు వశిష్ఠ, మసూరి. మసూరి కథ 1943 బెంగాల్ కరువు నీడలో మొదలవుతుంది. ఆ కరువు తర్వాత 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ వెలిసింది. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేపట్టిన పథకం కింద ఆసియా దేశాల ఇండికా వరిని జపాన్ తరహా రకాలతో అక్కడ సంకరం చేసి, విత్తనాన్ని ఏ దేశానికి ఆ దేశానికి పంపారు. చేతికందినవి చాలావరకు తాలుగింజలే. మలేషియాలో మాత్రం ఓపికగా ఏరి 1965లో మసూరిని విడుదల చేశారు. తమిళనాడులో అదే పథకం నుంచి ఏడీటీ 27 వచ్చింది. విత్తనం పంపడం తేలికే. దాన్ని ఏరగల కన్ను ఆ నేల మీదే ఉండాలి. పథకాలు బీరువాలకు, యంత్రాలకు ఇచ్చినంత ఉదారంగా ఆ కన్నుకు డబ్బివ్వలేదు.

స్వర్ణకు ముంపు గండం ఉంది. నీటిలో రెండు వారాలు బతికే గుణం ఒడిశా నాటు వరి నుంచి తీసిన ఎఫ్‌ఆర్ 13ఎలో ఉందని దశాబ్దాల క్రితమే తెలుసు. ఆ గుణం ఏ క్రోమోజోముపై ఉందో 1996లో తేలింది, జన్యువు 2006లో దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని స్వర్ణలోకి చేర్చగా, 2009లో స్వర్ణ సబ్-1 భారత్‌లో విడుదలైంది.

విత్తనాన్ని ఏరగల ఆ కన్నును తయారుచేసే శిక్షణ తీరు కూడా మారుతోంది. గతంలో యువ శాస్త్రవేత్తలు అమెరికాకో ఐరోపాకో వెళ్లి అక్కడి పంటల మీదే పీహెచ్‌డీ చేసేవారు, కొందరు తిరిగి వచ్చేవారు కాదు. ఘానా విశ్వవిద్యాలయంలో 2007లో మొదలైన పశ్చిమ ఆఫ్రికా పంటల అభివృద్ధి కేంద్రంలో తరగతులయ్యాక విద్యార్థి సొంత దేశానికి వెళ్లి, అక్కడి జొన్న మీదో కర్రపెండలం మీదో పరిశోధన చేస్తాడు. చదువు అయ్యాక అతనికి కావలసింది కూలీలకు, డీజిలుకు, విత్తనాల శీతల గదికి ఏటా వచ్చే డబ్బు. అది ఒక్క పంటకాలం రాకపోతే ఆ ఏటి తరం పొలంలోకి దిగదు.