ఫిల్ము చింపుకొచ్చిన హీరో!

సినిమాకి సెకండ్ రిలీజ్ మామూలే. హీరోకే సెకండ్ రిలీజయితే? అమెరికా బొమ్మల పుస్తకాల్లో అదీ జరిగింది! 1940లో పుట్టిన 'ఫ్లాష్' పత్రిక 1949లో ఆగిపోయింది. 1956లో 'షోకేస్' నాలుగో సంచికలో కొత్త ఫ్లాష్ దిగాడు. ఇన్ఫాంటినో, క్యూబర్ట్ గీసిన ఆ అట్ట చూశారా? ఫిల్ము చింపుకుని మన మీదికే దూకుతున్నాడు!

మరి పాత ఫ్లాష్ అభిమానులు అలిగారా? అదే తమాషా. కథలో కొత్త ఫ్లాష్ బారీ ఆలెన్ కూడా పాత ఫ్లాష్ పుస్తకాలు చదివే అభిమానే! 1961లో 123వ సంచిక అట్ట మీద గోడకి చెరోవైపు ఇద్దరు ఫ్లాష్‌లు, ఒకే మనిషిని కాపాడ్డానికి పరుగు. పాతవాణ్ణి తుడిచేయకుండా కొత్తవాణ్ణి నిలబెట్టారు. నా మటుకు నాకు ఇద్దరికీ ఈలే. మరి మీరో?